ఎర్రమట్టి నిండా ఉన్న ఇనుము సముద్రంలో ఎందుకు లేదు?

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కలుగుగాక!



కొత్తచెరువులో సాయంత్రంపూట మక్తబ్‌కు వచ్చే పిల్లలకు ఒకరోజు సూరా అల్ హదీద్ గురించి చెబుతున్నాను. ఇది దివ్య ఖుర్ఆన్‌లో 57వ సూరా. 'హదీద్' అంటే ఇనుము. ఈ సూరా 25వ ఆయతులో అల్లాహ్ తన ప్రవక్తలను పంపిన సంగతి, వారితో గ్రంథాన్నీ త్రాసునూ అవతరింపజేసిన సంగతి చెప్పి, ఆ వెంటనే ఇనుమును ప్రస్తావించాడు. దానిలోని బలాన్నీ, మానవులకు దానివల్ల కలిగే ప్రయోజనాలనూ గుర్తుచేశాడు. నేను ఈ భావం వివరిస్తుండగా ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి చెయ్యెత్తాడు.

"హజ్రత్, మన మట్టి ఎర్రగుండేది ఇనుముతోనేనంట, మా సార్ చెప్పినాడు. వానొస్తే ఆ మట్టంతా వంకల్లో కొట్టుకపోతుంది కదా! మరి సముద్రంలో ఉప్పున్నట్టు ఇనుము కూడా ఉండల్ల కదా?"

నా దగ్గర జవాబు లేదు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం కూడా ఇల్మ్‌లో భాగమేనని మా ఉస్తాదులు నేర్పారు. "తెలుసుకొని చెబుతాను బేటా" అన్నాను. తెలిసిన సైన్సు మాస్టారును అడిగాను, కొన్ని పుస్తకాలు తిరగేశాను. ఆ వెతుకులాట నన్ను సముద్రం దాకా తీసుకెళ్ళి, చివరికి మా ఇంటి వంటగదిలోకే తెచ్చి నిలబెట్టింది. ఆ సంగతే ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

ఎంత తక్కువ?

మన కాళ్ళ కింద ఉన్న భూమి పైపొరలో బరువు లెక్కన నూటికి సుమారు 5 పాళ్ళు ఇనుమే. మొత్తం భూగోళాన్ని తీసుకుంటే, బరువులో అన్ని మూలకాలకంటే ఎక్కువ ఉన్నది ఇనుమే. మరి సముద్రంలోనో? ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. కరిగి ఉన్న ఇనుము మాత్రం, ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని పదుల భాగాలు మాత్రమే. నడిసముద్రంలో పైనీటిలో చాలాచోట్ల అంతకూడా ఉండదు.

ఇది మనసుకెక్కాలంటే మనకు బాగా తెలిసిన నీళ్ళ ట్యాంకర్ల లెక్కలో చూడండి. ఒక్క గ్రాము ఇనుము కావాలంటే దాదాపు 3 కోట్ల లీటర్ల సముద్రపు నీరు కావాలి. 12 వేల లీటర్ల ట్యాంకర్లు 2,500 నింపాలి! ఒక మనిషి ఒంట్లో ఉండే ఇనుము మొత్తం 3 నుంచి 4 గ్రాములు. అంటే మనలో ఒక్కొక్కరి శరీరంలో అల్లాహ్ అమర్చిన ఇనుము, సుమారు 10 కోట్ల లీటర్ల సముద్రంలో కరిగి ఉన్న ఇనుముతో సమానం. సుబ్‌హానల్లాహ్!

బోరు నీళ్ళ బక్కెట్టు చెప్పే జవాబు

ఇంత ఇనుము ఉన్న భూమిమీద, ఇన్ని నదులు కలిసే సముద్రంలో ఇనుము ఎందుకు నిలవడం లేదు? దీని జవాబును నేను మదర్సాలో చదువుకునే రోజుల్లోనే కళ్ళారా చూశాను, కాని అప్పుడు గ్రహించలేదు. అక్కడ ఒక బోరు ఉండేది. కొట్టగానే నీళ్ళు తేటగా వచ్చేవి. బక్కెట్టులో పట్టి ఉంచితే, ఫజ్ర్‌కు లేచేసరికి పసుపు-ఎరుపు రంగుకు తిరిగి, అడుగున తుప్పులాంటి మడ్డి పేరుకునేది. వుజూ చేసే గచ్చంతా ఎర్రమరకలే.

జరిగేది ఇది. భూమి లోతుల్లో గాలి తగలని నీటిలో ఇనుము కరిగి ఉండగలదు. ఆ నీరు పైకి వచ్చి గాలిలోని ఆక్సిజన్‌ను కలవగానే ఆ ఇనుము రూపు మారిపోతుంది. మారిన రూపం నీటిలో దాదాపుగా కరగదు. తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. సముద్రపు నీటిలో ఆక్సిజన్ ఉంది, పైగా ఆ నీటికి కొంత క్షారగుణం ఉంది. ఈ రెండూ కలిసినచోట ఇనుము కరిగి నిలవడం కష్టం. కనుక సముద్రం మొత్తం ఆ బక్కెట్టు లాంటిదే.

మరి వానాకాలంలో వంకల్లో పారే ఎర్రనీళ్ళ మాటేమిటి? ఆ ఎరుపు కరిగిన ఇనుము కాదు, నీటిలో తేలే సన్నని మట్టి. ఒక గాజుగ్లాసులో పట్టి కదపకుండా ఉంచండి, చాలావరకు అడుగుకు దిగిపోతుంది. మన ప్రాంతపు నీరు చిత్రావతిలో చేరి, చిత్రావతి కడప జిల్లాలో పెన్నలో కలిసి, పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. నది ఉప్పునీటిని తాకేచోట, అప్పటిదాకా తేలుతూ వచ్చిన సన్నని ఇనుపరేణువులు పాలు విరిగినట్టు ముద్దలుకట్టి చాలావరకు అక్కడే దిగబడిపోతాయి. మిగిలినది కూడా రేణువులకు అంటుకొని, సముద్రజీవులకు ఆహారమై, నీటిలో ఎక్కువకాలం నిలవదు. ఉప్పు కోట్ల సంవత్సరాలు సముద్రంలో కరిగే ఉంటుంది. ఇనుము కొన్ని వందల ఏళ్ళు కూడా నిలవదు.

ఎల్లప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం గాలిలో ఆక్సిజన్ పెరగక ముందు సముద్రాలలో కరిగిన ఇనుము చాలా ఎక్కువ ఉండేదని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ ఇనుము పొరలుపొరలుగా దిగి రాయిగా మారింది. అనంతపురం జిల్లా ఓబుళాపురం, దాని పక్కనున్న బళ్ళారి, సండూరు కొండల ఇనుప ఖనిజం ఆ పురాతన సముద్రాల అడుగున పేరుకున్నదే. మనం ఎండిన నేలగా చూస్తున్న ఈ సీమ పొరుగునే ఒకనాటి సముద్రం దాచిపెట్టిన ఇనుము ఉంది.

సముద్రపు ఆకలి

సముద్రం పైనీటిలో కంటికి కనిపించని సన్నని మొక్కల్లాంటి జీవులుంటాయి. భూమిమీద సూర్యకాంతితో ఆహారం తయారయ్యే పనిలో దాదాపు సగం ఇవే చేస్తాయి. చేప నుంచి తిమింగలం దాకా వీటిమీదే ఆధారపడి బతుకుతాయి. వీటికి ఇనుము కావాలి, కొంచెమే కావాలి, కాని ఆ కొంచెం లేకపోతే ఎదగలేవు. మిగిలిన పోషకాలన్నీ ఉండి కూడా, ఇనుము లేక సముద్రంలో దాదాపు మూడోవంతు ప్రాంతంలో ఈ జీవులు సరిగా పెరగడం లేదు.

ఈ సంగతిని 1980ల చివర గట్టిగా చెప్పినవాడు జాన్ మార్టిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. అంతకుముందువారి కొలతలు తప్పుగా రావడానికి కారణం ఏమిటో తెలుసా? వారు ప్రయాణించే ఓడ ఇనుముది, నీరు తోడే తాళ్ళూ పాత్రలూ ఇనుమువి. తమ పాత్రకున్న తుప్పునే కొలిచి, అది సముద్రంలో ఉన్న ఇనుమనుకున్నారు. పాత్ర శుభ్రం చేసుకున్నాకే సముద్రపు నిజమైన లేమి బయటపడింది. ఇతరులను కొలిచేముందు మన పాత్రను కడుక్కోవాలన్న హితవు ఇందులో లేదా?

2009లో భారత్, జర్మనీ శాస్త్రజ్ఞులు కలిసి దక్షిణ మహాసముద్రంలో ఒక ప్రయోగం చేశారు. దాని పేరు 'లోహాఫెక్స్'. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తరఫున దానికి నాయకత్వం వహించినవారు సయ్యద్ వజీహ్ అహ్మద్ నఖ్వీ. సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో టన్నులకొద్దీ ఐరన్ సల్ఫేట్ కలిపారు. మన రైతుల మాటలో చెప్పాలంటే అన్నభేది. మొదటి రెండు వారాలు ఆ సన్నజీవులు బాగా పెరిగాయి. తర్వాత చిన్న ప్రాణులు వాటిని మేసేశాయి. అక్కడి నీటిలో సిలికా కొరత ఉండడంతో, దాన్ని కవచంగా కట్టుకునే గట్టి రకాలు ఎదగలేకపోయాయి. ఆశించినంత ఫలితం రాలేదు. ఒక్కదాన్ని కుమ్మరిస్తే చాలదు, అన్నీ పాళ్ళలో ఉండాలని తేలింది.

పట్టుకునేది ఉంటేనే

ఇంత కష్టమైనప్పుడు సముద్రంలో ఆ కొంచెం ఇనుమైనా ఎలా నిలుస్తోంది? ఇదే నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. సముద్రంలో కరిగి ఉన్న ఇనుములో దాదాపు అంతా ఒంటరిగా లేదు. జీవుల నుంచి వచ్చిన సన్నని సేంద్రియ పదార్థాలు దాన్ని పట్టుకొని ఉంటాయి. పట్టుకున్న ఇనుము తేలుతుంది, జీవులకు అందుతుంది. పట్టుకునేది లేని ఇనుము తుప్పై మునిగిపోతుంది.

ఈ మాట మస్జిద్‌లో ఇషా తర్వాత చెబుతుంటే ఒక పెద్దాయన నవ్వాడు. ఆయన బుడ్డలు పండించే రైతు. "హజ్రత్, ఇది మా చేన్లో ఎప్పుడూ చూసేదే" అన్నాడు. సున్నంపాలు ఎక్కువున్న నేలలో వేరుశనగ లేత ఆకులు పచ్చదనం పోయి పసుపుగా, తర్వాత తెల్లగా మారతాయి. ఆ నేలలో ఇనుము లేక కాదు, ఉన్న ఇనుము వేరుకు అందక. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులమీద పిచికారీ చేస్తారు. "ఆ నిమ్మ ఉప్పు ఎందుకో ఇన్నాళ్ళూ తెలీదు" అన్నాడాయన. ఆ పుల్లని ఉప్పు ఇనుమును పట్టుకొని తుప్పు పట్టనివ్వదు. కలిపిన నీళ్ళు వెంటనే కొట్టకుండా నిల్వ ఉంచితే ఎర్రబడి పనికిరాకుండా పోతాయని రైతులకు తెలిసిందే.

మన రక్తంలోనూ ఇదే ఏర్పాటు. ఇనుము అక్కడ విడిగా తిరగదు. 'ట్రాన్స్‌ఫెరిన్' అనే మాంసకృత్తి దాన్ని మోసుకెళ్ళి అవసరమైన చోటికి అప్పగిస్తుంది. సముద్రానికి, చేనుకు, రక్తానికి ఒకే నియమం పెట్టిన ప్రభువు ఒక్కడే కాక ఇంకెవరు?

మా ఇంట్లో జరిగింది

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కాని ఒక్క ఇంటికైనా మేలు జరుగుతుందని చెబుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక జుమా రోజు సూరా అల్ హదీద్ మీదే ప్రసంగించాను. అందరూ మెచ్చుకున్నారు. అప్పుడు మా చెల్లెలు ఆరో నెల గర్భంతో పుట్టింట్లోనే ఉంది. మరుసటి వారం నీళ్ళబిందె ఎత్తబోయి పడిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2. గర్భిణికి కనీసం 11 ఉండాలి. ఇచ్చిన ఐరన్ మాత్రలు ఏమయ్యాయని అడిగితే ఏడ్చింది. వాంతి వస్తోందని, విరేచనం నల్లగా అవుతోందని భయపడి సగం మాత్రలు బియ్యండబ్బా వెనక దాచిపెట్టింది. మింగిన సగమూ పొద్దున్నే టీతో మింగింది.

అక్కడి నర్సమ్మ మా అమ్మీని ఒకే ప్రశ్న అడిగింది: "మీ ఇంట్లో అందరికంటే చివర తినేదెవరమ్మా?" అమ్మీ మాట్లాడలేదు. నేను తల దించుకున్నాను. మా ఇంట్లో ముందు మగవాళ్ళం తింటాం, తర్వాత పిల్లలు, మిగిలినది ఆడవాళ్ళు. మాంసం వండిన రోజున వాళ్ళకు మిగిలేది పులుసే.

ఆ రాత్రి చెల్లెలు అంది: "భయ్యా, నువ్వు ఇనుము గురించి ఎంత బాగా చెప్పినావో అని ఆడోళ్ళంతా చెప్పుకున్యారు. నాకు మాత్రం ఆ పొద్దు నుంచే కళ్ళు తిరుగుతుండె. నీతో చెప్పల్లంటే మొగమాటమైంది."

అల్లాహ్ దయవల్ల నరానికి ఇంజెక్షన్లు ఇచ్చి, మాత్రలు వేసుకునే పద్ధతి నేర్పి కాపాడారు. తల్లీబిడ్డా క్షేమం. కాని ఆమె మాట నన్ను వదల్లేదు. ఇంట్లో మాత్రలున్నాయి, మాంసముంది, నా నోట ఆయతు ఉంది. ఆమె రక్తానికి మాత్రం ఏదీ అందలేదు. మోసుకెళ్ళి అందించవలసినవాడిని నేను, ఆ పని చేయలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది.

త్రాసు, ఇనుము

సూరా అల్ హదీద్‌లో ఇనుము ప్రస్తావన త్రాసు వెనకే వచ్చిందని మొదట చెప్పాను. ఇనుము నక్షత్రాల నుంచి రాలిందని ఈ ఆయతు ముందే చెప్పిందని కొందరు ఉత్సాహంగా చెబుతారు. ఇనుము నక్షత్రాల గర్భంలో తయారవుతుందన్నది నేటి విజ్ఞానం చెప్పే మాటే. అయితే అల్లాహ్ 'దింపడం' అనే ఈ క్రియనే పశువుల విషయంలో (అజ్ జుమర్: 6), దుస్తుల విషయంలో (అల్ ఆరాఫ్: 26) కూడా వాడాడు. కనుక దీన్ని వాదనకు ఆయుధంగా చేసుకోవడం కంటే, ఆయతు మన భుజాన పెట్టిన బాధ్యతను చూడడం మేలు. మానవులు న్యాయంగా నిలబడాలనే త్రాసు దింపబడింది. ఇంట్లో వడ్డించే గరిటె కూడా ఒక త్రాసే.

సూరా అల్ హిజ్ర్ 21వ ఆయతు భావం కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ప్రతి వస్తువు ఖజానా అల్లాహ్ దగ్గరే ఉంది, దాన్ని ఆయన ఒక నిర్ణీత పరిమాణంలోనే దింపుతాడు. ఇనుము తక్కువైతే రక్తహీనత. ఎక్కువైతే అదే విషం; పిల్లలు పొరపాటున గుప్పెడు ఐరన్ మాత్రలు మింగితే ప్రాణాపాయం. హజ్రత్ దావూద్ (అ) కు ఇనుమును మెత్తబరిచి ఇచ్చినప్పుడు కూడా, కవచపు కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశం వచ్చింది (సబా: 10, 11).

మూడు రకాల నేల

హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. తనకివ్వబడిన జ్ఞానాన్ని, మార్గదర్శకాన్ని దైవప్రవక్త (స) ఒక భారీవర్షంతో పోల్చారు. వర్షం మూడు రకాల నేలమీద పడింది. ఒకటి నీటిని పీల్చుకొని పచ్చికను మొలిపించింది. రెండోది గట్టినేల, తాను పీల్చకపోయినా నీటిని నిలిపి ఉంచింది, ప్రజలు తాగారు, పశువులకు పెట్టారు, సేద్యం చేశారు. మూడోది నీటిని నిలపనూ లేదు, ఏమీ మొలిపించనూ లేదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో ఆ హదీసు మనకు అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది? మన పూర్వీకులు బుక్కపట్నంలోనూ, ఇక్కడా చెరువులు ఎందుకు కట్టారు? పడిన వాన పట్టుకునేది లేకపోతే పడనట్టే గనుక. మన ఊరి పేరులోనే చెరువు ఉంది.

కనుక ఈ నెల నుంచి ప్రతి ఇంటి మగవాడు కొన్ని పనులు తనమీద వేసుకోవాలి. ఇంట్లోని స్త్రీలకు, ఎదిగే ఆడపిల్లలకు రక్తపరీక్ష చేయించండి. రక్తహీనతకు ఇనుము లోపం ఒక్కటే కారణం కాదు, అందుకే డాక్టరు చెప్పాకే మాత్రలు వేయించండి. మాత్రలను టీతో, పాలతో, క్యాల్షియం మాత్రతో కలిపి ఇవ్వకండి, నిమ్మరసం నీళ్ళతో ఇవ్వండి. టీని భోజనానికి ఒక గంట దూరం పెట్టండి. ఆకుకూర మీద, పప్పు మీద నిమ్మకాయ పిండండి, ఆ పులుపు ఇనుమును పట్టుకొని ఒంటికి అందిస్తుంది. విరేచనం నల్లబడడం ఐరన్ మాత్రలవల్ల సహజమేనని చెప్పి వారి భయం తీర్చండి. మాత్రలను పిల్లలకు అందనిచోట ఉంచండి. తన ఆరోగ్యానికో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణికి రమజాన్ ఉపవాసాలు తర్వాత పూర్తిచేసుకునే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది. దాన్ని మీరు లాక్కోకండి. అన్నిటికంటే ముందు, అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చొని తినండి.

ఆ అబ్బాయికి ఇచ్చిన మాట ప్రకారం జవాబు చెప్పాను. "ఇనుము సముద్రానికి పోతుంది బేటా, కాని పట్టుకునేవాడు లేక మునిగిపోతుంది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి మనం పట్టుకోవల్ల కదా హజ్రత్?" అన్నాడు.

ఓ అల్లాహ్! నీవు ప్రసాదించిన జ్ఞానాన్ని, ఉపాధిని మా దగ్గర తుప్పు పట్టనివ్వకు. వాటిని నిలుపుకొని హక్కుదారులకు అందించే సద్బుద్ధిని మాకివ్వు. మా తల్లులకు, భార్యలకు, అక్కచెల్లెళ్ళకు, కుమార్తెలకు ఆరోగ్యాన్ని ప్రసాదించు. వారి విషయంలో మేము చేసిన అన్యాయాన్ని క్షమించు. మా ఎండిన నేలపై నీ కారుణ్యవర్షం కురిపించు. ఆమీన్.